కారోయ్ టకాచ్: ఖాళీగా ఉన్న చెయ్యి



ఈ నెల మీకు పరిచయం చేస్తున్న మనిషి మీలో చాలామందికి ముందే తెలుసు. పేరు గుర్తులేకపోయినా కథ గుర్తుంటుంది. కుడి చెయ్యి దెబ్బతిన్న ఒక సైనికుడు ఎడమ చేత్తో ఒలింపిక్ గోల్డ్ మెడల్ కొట్టాడని మీ ఫ్యామిలీ గ్రూప్‌లో ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేసే ఉంటారు. అందులో పేరు కరోలీ టకాక్స్ అని ఉంటుంది. హంగరీ వాళ్లు పలికేది కారోయ్ టకాచ్ అని. దెబ్బ తగిలింది, పట్టుదల పట్టాడు, గెలిచాడు అని ఆ మెసేజ్ ఐదు లైన్లలో ముగిసిపోతుంది. నాకు మాత్రం ఆ ఐదు లైన్లు దాటేసిన భాగమే ఎక్కువ నచ్చింది.

టకాచ్ 1910 జనవరి 21న బుడాపెస్ట్‌లో పుట్టారు. పెద్దయ్యాక సైన్యంలో చేరి సార్జెంట్ అయ్యారు. పిస్టల్ షూటింగ్‌లో 1936 నాటికే ప్రపంచ స్థాయి ఆటగాడు. అయినా ఆ ఏడాది బెర్లిన్ ఒలింపిక్స్ జట్టులో ఆయనకు చోటు దొరకలేదు. స్కోరు తక్కువై కాదు. ఆ రోజుల్లో హంగరీ సైన్యం తరఫున కమిషన్డ్ ఆఫీసర్లు మాత్రమే పోటీకి వెళ్లాలి. ఆయన సార్జెంట్, అంతే. బెర్లిన్ అయిపోయాక ఆ రూల్ సడలించారు. ఇక 1940 ఒలింపిక్స్ మీద ఆశ పెట్టుకున్నారు.

1938లో సైనిక శిక్షణ జరుగుతుండగా లోపం ఉన్న ఒక గ్రెనేడ్ ఆయన కుడి చేతిలోనే పేలింది. గురి పెట్టే చెయ్యి అదే. నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నారు.

ఇక్కడ కొంచెం ఆగి ఆ ఆట గురించి చెప్పాలి. అది తెలియకపోతే ఆయన చేసింది ఏదో మాయలా అనిపిస్తుంది.

ఆయన ఆడింది 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్. 25 మీటర్ల దూరంలో ఐదు టార్గెట్లు పక్కపక్కనే ఉంటాయి. షూటర్ చెయ్యి కిందికి దించి నిలబడతాడు. ఆయన రోజుల్లో టార్గెట్లు ఒక్కసారిగా ఇటు తిరిగేవి. చెయ్యి ఎత్తి, ఒక్కో టార్గెట్‌కి ఒక్కో తూటా చొప్పున ఐదూ కాల్చాలి. మొదట 8 సెకన్లు ఇస్తారు, తర్వాత 6, చివరికి 4. మొత్తం 60 షాట్లు, 600 పాయింట్లు. నాలుగు సెకన్లలో ఐదు షాట్లంటే ఆలోచించే టైమ్ ఉండదు. చెయ్యి ఒక లయలో ఎడమ నుంచి కుడికో, కుడి నుంచి ఎడమకో జరుగుతూ పోవాలి.

ఈ ఆటలో వాడేది పాయింట్ టూ టూ రిమ్‌ఫైర్ పిస్టల్. పాయింట్ టూ టూ అంటే తూటా వ్యాసం అంగుళంలో 0.22 వంతు, మిల్లీమీటర్లలో దాదాపు 5.6. తూటా అడుగున చుట్టూ సన్నటి అంచు ఉంటుంది. నిప్పంటించే మందు ఆ అంచులో ఉంటుంది, పిస్టల్‌లోని సూది సరిగ్గా అక్కడే కొడుతుంది. అంచు మీద పేలుతుంది కాబట్టి రిమ్‌ఫైర్ అన్నారు. తూటాల్లో చిన్నవాటిలో, చవకైనవాటిలో ఇదొకటి. శబ్దం తక్కువ. అన్నిటికంటే ముఖ్యం, పేలినప్పుడు తుపాకీ వెనక్కి పెద్దగా తన్నదు. పెద్ద తుపాకీ అయితే తన్నుకి చెయ్యి పైకి ఎగురుతుంది, మళ్లీ కిందికి తెచ్చి గురి చూసుకోవాలి. పాయింట్ టూ టూ పిస్టల్ దాదాపు ఉన్నచోటే ఉంటుంది. తప్పు ఎక్కడ జరిగిందో కాల్చినవాడికి వెంటనే తెలుస్తుంది. సరదాకి టార్గెట్ షూటింగ్ చేసేవాళ్లు ప్రపంచమంతా ముందు దీన్నే ఎంచుకోవడానికి కారణం ఇదే. భయపెట్టకుండా నేర్పించే తుపాకీ అన్నమాట.

ఇంకో సంగతి నాకు ఈ వ్యాసం కోసం చదువుతుంటేనే తట్టింది. రైఫిల్‌కి రెండు చేతులూ కావాలి. ఒలింపిక్ పిస్టల్‌కి ఒక్కటే చెయ్యి. రూల్ ప్రకారం రెండో చెయ్యి సాయం పట్టకూడదు, జేబులో పెట్టుకునో, పక్కన వదిలేసో నిలబడతారు. అంటే ఇన్నేళ్లూ టకాచ్ ఎడమ చెయ్యి ప్రతి పోటీలోనూ అక్కడే ఉంది. పని లేకుండా ఉంది, అంతే. ఆయన ఆడింది రైఫిల్ అయివుంటే ఈ కథే ఉండేది కాదు.

అయితే ఖాళీగా ఉన్న చెయ్యి ఉంటే సరిపోదు. మన ఇళ్లలో పుర్రచేతి వాటం పిల్లల్ని కుడి చేత్తో రాయమంటే ఎలా అవస్థ పడతారో మీకు తెలుసు. (ఇప్పటికీ కొందరు అమ్మమ్మలు, నానమ్మలు అలా రాయిస్తూనే ఉన్నారు. దయచేసి వద్దని చెప్పండి.) ఏం రాయాలో వాళ్లకి తెలుసు. స్పెల్లింగ్ వచ్చు. చెయ్యి మాత్రం మాట వినదు. పిస్టల్ విషయంలో ఇంకా చిక్కులున్నాయి. టార్గెట్ పిస్టల్ పిడిని అరచేతి ఆకారానికి తగ్గట్టు చెక్కుతారు. కుడి చేతికి చెక్కిన పిడి ఎడమ చేతిలో ఇమడదు. కళ్లలో కూడా ఒకటి ముఖ్యమైన కన్నుగా పనిచేస్తుంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో చాలామందికి అది కుడి కన్ను. ఎడమ చేత్తో పట్టిన పిస్టల్‌ని కుడి కన్ను ముందుకు తేవాలంటే నిలబడే తీరే మార్చుకోవాలి. పోనివి ఏమిటంటే ఊపిరి బిగపట్టే అలవాటు, ట్రిగ్గర్‌ని లాగకుండా మెల్లగా నొక్కాలన్న తెలివి, ఐదు షాట్ల లయ. అవి చేతిలో లేవు, మనిషిలో ఉన్నాయి.

ఆసుపత్రి నుంచి వచ్చాక టకాచ్ ఎవరికీ చెప్పకుండా ఎడమ చేత్తో ప్రాక్టీస్ మొదలుపెట్టారు. నాకు ఈ కథలో చాలా నచ్చినది ఈ చెప్పకపోవడమే. పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మీరంతా నన్ను అడిగే ప్రశ్న ఒకటే: మావాడికి ఎప్పటికి వస్తుంది మేడమ్? ఆయన్ని అలా అడిగేవాళ్లు లేరు. ప్రపంచ స్థాయి షూటర్ ఎడమ చేత్తో గురి తప్పుతుంటే పక్కన నిలబడి లెక్కపెట్టినవాళ్లు లేరు. ప్రతి వారం స్కోరు చెప్పాల్సి వస్తే ఆయన కొనసాగేవారో లేదో నాకు అనుమానమే.

1939లో హంగరీ జాతీయ పోటీలకు ఆయన వెళ్తే, పాత మిత్రులు చూడ్డానికి వచ్చాడనుకున్నారు. ఆయన పోటీలో దిగి గెలిచారు. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో గెలిచిన హంగరీ జట్టులో ఉన్నారు.

ఫార్వర్డ్ మెసేజ్ సాధారణంగా ఇక్కడి నుంచి నేరుగా లండన్‌కి దూకుతుంది. మధ్యలో తొమ్మిదేళ్లున్నాయి. యుద్ధం వల్ల 1940 ఒలింపిక్స్ రద్దయ్యాయి, 1944వీ రద్దయ్యాయి. చేతికి నేర్పించిన విద్య సిద్ధంగా ఉంది, చూపించే చోటు లేదు. మళ్లీ ఒలింపిక్స్ జరిగేనాటికి ఆయనకు 38 ఏళ్లు.

1948 లండన్ ఒలింపిక్స్ షూటింగ్ పోటీలు బిస్లీలో జరిగాయి. అప్పటి ప్రపంచ చాంపియన్ అర్జెంటీనాకి చెందిన కార్లోస్ ఎన్రికే డియాజ్ సాయెన్స్ వాలియెంటే. పోటీకి ముందు ఆయన టకాచ్‌ని చూసి ఆశ్చర్యపోయి, ఎందుకొచ్చారని అడిగాడనీ, నేర్చుకోవడానికి వచ్చానని టకాచ్ చెప్పారనీ అంటారు. స్కోరు బోర్డు మీద మాత్రం టకాచ్‌కి 600కి 580, కొత్త ప్రపంచ రికార్డు. డియాజ్‌కి 571, సిల్వర్. మెడల్ తీసుకుంటున్నప్పుడు ఆ అర్జెంటీనా ఆయన, మీరు నేర్చుకోవాల్సింది నేర్చేసుకున్నారని మెచ్చుకున్నాడట.

సరిగ్గా ఇదే 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్‌లో, మళ్లీ లండన్‌లోనే, 2012 ఒలింపిక్స్‌లో మన సైన్యానికి చెందిన విజయ్ కుమార్ సిల్వర్ గెలిచారు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సిల్వర్ తెచ్చిన 25 మీటర్ల పిస్టల్‌లోనూ వాడేది పాయింట్ టూ టూనే. మీ పిల్లలు ఈ ఆట మీద మనసు పడితే కంగారుపడకండి. మన దేశంలో పాయింట్ టూ టూకి లైసెన్సు ఉండాలి, దుకాణంలో అడిగి తెచ్చుకునేది కాదు. రేంజ్‌లో కోచ్ ముందుగా చేతికిచ్చేది ఎయిర్ పిస్టల్ లేదా ఎయిర్ రైఫిల్, దూరం 10 మీటర్లు. గగన్ నారంగ్ 2012లో ఒలింపిక్ బ్రాంజ్ గెలిచింది ఆ ఎయిర్ రైఫిల్‌తోనే. అడగాల్సింది తుపాకీ ఖరీదు కాదు. పిడి బిడ్డ చేతిలో ఇముడుతోందా, బరువు మోయగలుగుతోందా అన్నది చూడమని కోచ్‌ని అడగండి. బిడ్డది ఏ చేతి వాటమో కూడా ముందే చెప్పండి.

టకాచ్ లండన్‌తో ఆపలేదు. 1952లో హెల్సింకీలో 42 ఏళ్ల వయసులో మళ్లీ గెలిచారు. ఈ పోటీలో వరసగా రెండుసార్లు గోల్డ్ గెలిచిన మొదటి మనిషి ఆయనే. ఆయన స్కోరు 579. రెండో స్థానంలో వచ్చింది హంగరీకే చెందిన 17 ఏళ్ల సిలార్డ్ కున్, 578. ఒక్క పాయింట్ తేడా. ఆ కుర్రాడికి శిక్షణ ఇచ్చింది టకాచే.

1956లో మెల్‌బోర్న్‌కీ వెళ్లారు. అక్కడ ఎనిమిదో స్థానం. ఇది ఏ ఫార్వర్డ్‌లోనూ నాకు కనబడలేదు. తర్వాత కూడా పోటీల్లో ఆడారు, కోచ్‌గా కుర్రాళ్లకు నేర్పారు. 1976 జనవరి 5న, 66 ఏళ్లు నిండటానికి పదహారు రోజుల ముందు, బుడాపెస్ట్‌లో కన్నుమూశారు.