రడ్జ్ బండి విప్పిన కుర్రాడు: జి.డి. నాయుడు

శుక్రవారం పొద్దున బహ్రెయిన్ రోడ్ల మీద మన పిల్లలు తరచు చూసే దృశ్యం ఒకటుంది. వెడల్పాటి హ్యాండిళ్ళు, మెరిసే సైలెన్సర్లు, నేలకు దగ్గరగా ఉండే సీట్లతో పెద్ద పెద్ద క్రూయిజర్ మోటారు సైకిళ్ళు గుంపుగా సఖీర్ వైపో, కింగ్ ఫహద్ వంతెన వైపో వెళుతుంటాయి. కాస్త పరీక్షగా చూస్తే వాటిలో ఏ రెండూ ఒకలా ఉండవు. కొన్నవాళ్ళు ఇంటి దగ్గర కూర్చుని ఒకరు సీటు మారుస్తారు, ఒకరు హ్యాండిలు మారుస్తారు. ఇక్కడి గాలిలో ఉప్పు, దుమ్ము రెండూ ఎక్కువే కాబట్టి ఎయిర్ ఫిల్టరు దులపడం, బోల్టులకు తుప్పు పట్టకుండా తుడవడం ఎలాగూ తప్పవు. బండి నడపడం ఒక సరదా అయితే, దాన్ని విప్పి చూడడం మరో సరదా. పిల్లలూ, ఆ రెండో సరదాతోనే జీవితం మొదలుపెట్టిన ఒక మనిషి కథ ఈసారి మీకు చెబుతాను.

ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. అందరూ జి.డి. నాయుడు అంటారు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. ఊరు తమిళనాడులో ఉన్నా ఇంట్లో మాట తెలుగే. వందల ఏళ్ళ కిందట తెలుగు నేల నుంచి దక్షిణానికి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు ఆ ప్రాంతంలో వేలల్లో ఉన్నాయి. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు గాని అక్షరాలు రావు. మన బడికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులకు ఈ సంగతి కొత్తగా అనిపించకపోవచ్చు. మనం గల్ఫుకు వచ్చి ముప్పై నలభై ఏళ్ళయితే, వాళ్ళు తరతరాలుగా ఇలాగే నెట్టుకొస్తున్నారు.

నాయుడుగారికి తల్లి చిన్నప్పుడే పోయింది. చదువు మీద బుద్ధి నిలవలేదు. అక్షరాలు దిద్దమని ఇసుక ముందు కూర్చోబెడితే ఆ ఇసుకే పంతులుగారి కళ్ళల్లో చల్లాడని ఒక కథ ప్రచారంలో ఉంది. (మన బడిలో ఇసుక వాడం, అదొక అదృష్టం.) ప్రాథమిక తరగతులు దాటకుండానే చదువు ఆగిపోయింది, పొలం పనిలో పడ్డాడు.

అలాంటి రోజుల్లో ఆ పల్లెకు ఒక ఇంగ్లీషు రెవెన్యూ అధికారి మోటారు సైకిలు మీద వచ్చాడు. రడ్జ్ అనే కంపెనీ బండి. ఎద్దు లేదు, గుర్రం లేదు, శబ్దం చేస్తూ దానంతట అదే పోతోంది. కుర్రాడికి దాని మీద మనసు పడిపోయింది. ఇల్లు వదిలి కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వరుగా చేరాడు. జీతంలోంచి రూపాయి రూపాయి కూడబెట్టి, చివరికి ఆ అధికారి దగ్గరే ఆ బండిని కొన్నాడు. మూడు వందల రూపాయలని చెబుతారు. ఆ రోజుల్లో ఒక హోటలు సర్వరుకు ఆ మొత్తం చేరడానికి ఏళ్ళు పట్టింది.

అంత కష్టపడి కొన్న బండితో ఆయన చేసిన పని షికారు కాదు. దాన్ని పూర్తిగా విప్పేశాడు. విప్పి, మళ్ళీ బిగించాడు.

ఇది ఎంత పనో తెలియాలంటే ఆ కాలపు మోటారు సైకిలు గురించి కొంచెం చెప్పాలి. ఇప్పటిలా బటన్ నొక్కితే కదిలేది కాదు. రడ్జ్ ఇంగ్లండులోని కోవెంట్రీ ఊళ్ళో సైకిళ్ళు చేసే కంపెనీ. 1911 ప్రాంతంలో మోటారు సైకిళ్ళ తయారీలోకి దిగింది. ఒకటే సిలిండరు. వెనక చక్రానికి గొలుసు బదులు బెల్టు. ఆ తరం బళ్ళలో ఇంజనుకు ఆయిలు దానంతట అది తిరిగేది కాదు, నడిపేవాడే మధ్యమధ్య చేతిపంపుతో కొట్టాలి. ఎక్కువ కొడితే నీలి పొగ, తక్కువైతే పిస్టను పట్టేస్తుంది. బెల్టు వానలో తడిస్తే జారేది, సాగితే ముక్క కోసి మళ్ళీ కలపాల్సి వచ్చేది. లైటు వెలగాలంటే కార్బైడు మీద నీళ్ళు పడి గ్యాసు పుట్టాలి. కొంత దూరం తిరిగాక సిలిండరు లోపల పేరుకున్న మసిని విప్పి గీకి తీయాలి. అంటే బండికి యజమాని, మెకానిక్కు ఒకే మనిషి కావాలన్నమాట. పక్క వీధిలో షెడ్డు లేదు, చేతిలో పుస్తకం ఉన్నా ఇంగ్లీషు రాదు.

ఇంజను ఎందుకు తిరుగుతుందో పిల్లలకు నాలుగు మాటల్లో చెబుతాను. పెట్రోలు ఆవిరి, గాలి సరైన పాళ్ళలో కలవాలి. ఆ మిశ్రమాన్ని పిస్టను నొక్కాలి. సరైన క్షణంలో నిప్పురవ్వ పడాలి. కాలిన వాయువు బయటికి పోవాలి. బండి మొరాయించిందంటే ఈ నాలుగింటిలో ఏదో ఒకటి జరగడం లేదని అర్థం. ఏది జరగడం లేదో ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. మా ఆఫీసుల్లో ప్రోగ్రాము ఆగిపోతే మేం చేసేదీ ఇదే పని, చేతులకు గ్రీజు అంటదు, అంతే తేడా. నాయుడుగారు ఈ సంగతులను ఇనుప ముక్కల మధ్య కూర్చుని సొంతంగా తెలుసుకున్నారు. ఇంజనీరింగు చదివే రోజుల్లో మా వర్క్‌షాపులో సగానికి కోసి రంగులేసిన ఇంజను ఒకటి గోడ పక్కన ఉండేది. దాన్ని చూసి బొమ్మ గీయడమే గాని స్పానరు పెట్టి విప్పనిచ్చేవారు కాదు. ఆయన దగ్గర గీసిన బొమ్మ లేదు, విప్పిన ఇంజను ఉంది.

ఆ తర్వాత మెకానిక్కుగా పేరు వచ్చింది. మధ్యలో పత్తి వ్యాపారంలో డబ్బు సంపాదించి, బొంబాయి వెళ్ళి పోగొట్టుకున్న ఘట్టం కూడా ఉంది. 1920లో కోయంబత్తూరులోని వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ సాయంతో ఒక బస్సు సంపాదించి పొళ్ళాచ్చి, పళని ఊళ్ళ మధ్య నడిపారు. మొదట్లో తనే డ్రైవరు. పళని యాత్రికులకు అది వరమయింది. ఆ ఒక్క బస్సే యునైటెడ్ మోటార్ సర్వీస్ అయింది. యు.ఎం.ఎస్. అంటే వేళకు వచ్చే బస్సు అనే పేరుండేది. 1933 నాటికి 280 బళ్ళు!

ఇక ఆయనకు విప్పి మార్చడం ఒక అలవాటుగా స్థిరపడింది. చేతికొచ్చిన ప్రతి వస్తువునూ ఇలాగే ఎందుకుండాలని చూసేవారు. డ్రై సెల్సుతో చిన్న మోటారు తిరిగే గడ్డం గీసుకునే రేజరు, దాని పేరు రసాంట్. బాగా పలచటి బ్లేడ్లు, పళ్ళరసం తీసే యంత్రం, కిరోసినుతో తిరిగే ఫ్యాను, ఓట్లు నమోదు చేసే యంత్రం. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ పెట్టి, దేశంలోనే మొట్టమొదటిదని చెప్పే విద్యుత్ మోటారు తయారుచేశారు. కోయంబత్తూరు ఈనాటికీ మోటార్లకు, పంపుసెట్లకు పేరుమోసిన ఊరు. బొప్పాయి, పత్తి, మొక్కజొన్న మొక్కల మీద కూడా ప్రయోగాలు చేశారు. ఆ తోట చూడడానికి సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి వారు వచ్చారు. కెమెరా అంటే ప్రాణం. 1936లో లండనులో ఐదో జార్జి రాజు అంత్యక్రియలను స్వయంగా ఫిల్ము తీశారు.

అన్నీ గెలుపులే అనుకోకండి. ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని 1941లో ప్రకటించారు, అది ఇంటింటికీ చేరలేదు. 1952లో రెండు సీట్ల పెట్రోలు కారు తయారుచేశారు, ధర 2,000 రూపాయలే. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, కారు ఆగిపోయింది. ఒక మామూలు గుమాస్తా కూడా కారు కొనుక్కునే రోజు ఇంకో ముప్పై ఏళ్ళు వెనక్కి పోయిందని నాకనిపిస్తుంది. పన్నుల శాఖతో ఆయన తగాదాలు ఏళ్ళ తరబడి సాగాయి. మనిషి మొండివాడన్నది కూడా నిజమే. రాజీపడి ఉంటే కొన్ని వస్తువులైనా బజారుకు వచ్చేవేమో.

చదువు విషయంలోనూ అదే మొండితనం. 1944లో మోటారు వ్యాపారం నుంచి తప్పుకుని, పరిశోధనకు, కార్మికుల సంక్షేమానికి పెద్ద మొత్తం ఇచ్చేశారు. 1945లో ఆయన చొరవతోనే కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఇంజనీరింగు కాలేజీ వచ్చాయి. ప్రాథమిక తరగతులు దాటని మనిషి దానికి ప్రిన్సిపాల్! అయితే ఇంజనీరింగుకు నాలుగేళ్ళు దండగ, వర్క్‌షాపులో నిలబెట్టి నేర్పితే రెండేళ్ళు చాలునని ఆయన వాదం. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన తప్పుకున్నారు. ఆ కాలేజీనే ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. ఈ వాదంలో నేను ఆయనతో సగమే ఏకీభవిస్తాను. వంతెన ఎంత బరువు మోస్తుందో కట్టి విప్పి తెలుసుకోలేం కదా, అక్కడ లెక్కలే దిక్కు. కాని చేత్తో పట్టుకోకుండా నేర్చిన లెక్క పరీక్ష అయిన మర్నాడే మరిచిపోతాం, ఆ సగం ఆయనదే సరి.

1974 జనవరి 4న నాయుడుగారు కన్నుమూశారు. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద ప్రారంభమైన పది కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న ఫ్లైఓవరుకు ఆయన పేరే పెట్టారు. అదే రోడ్డు మీద ఆయన యంత్రాల ప్రదర్శనశాల, పాత కార్ల మ్యూజియం ఉన్నాయి. వేసవి సెలవుల్లో కోయంబత్తూరు మీదుగా ఊటీ వెళ్ళేవాళ్ళు ఒక పూట అక్కడ ఆగండి. రేజరు, మోటార్లు చూడవచ్చు. హోటల్లో ప్లేట్లు అందించి కొన్న ఆ రడ్జ్ బండిని కూడా కుటుంబం వాళ్ళు భద్రంగా దాచి ఉంచారు.