విజ్ఞాన తపస్వి యల్లాప్రగడ సుబ్బారావు

ఉద్యోగరీత్యా స్వస్థలము విడిచి ఉస్లాపూరు, బిలాసపూరు ప్రాంతములలో నివసించు మన తెలుగు కుటుంబములవారు, తమవలెనే దూరదేశమేగి ఆంధ్రుల కీర్తిని నిలిపిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రను తప్పక తెలిసికొనవలెను.

వారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. పేదరికము వలన చదువు కుంటుపడి, మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ పర్యాయమునగాని ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లాచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను.

1922లో అమెరికా చేరి, రాత్రులు ఆసుపత్రిలో చిన్న కొలువు చేయుచు హార్వర్డున చదివిరి. అచటనే ఫిస్కే ఆచార్యునితో కలసి, దేహద్రవములలోని భాస్వరమును కొలుచు సులభపద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆమ్లము కలిపిన మాలిబ్డేటు ద్రావణమున ఒక్కొక్క ఫాస్ఫేటు చుట్టును పండ్రెండు మాలిబ్డినము పరమాణువులు ఆక్సిజనుతో పెనవైచుకొని గూడు కట్టును. దానికి తగిన క్షయకరణ ద్రవ్యమును చేర్చినచో నీలివర్ణము పుట్టును. భాస్వరము ఎంత అధికమో నీలిమ అంత గాఢము.

కండరములనుండి తీసిన ద్రవమున మాత్రము ఈ నీలిమ ఆలస్యముగా కనిపించుచుండెను. దానిని పద్ధతిలోని లోపమని వారు విడువలేదు. కారణము వెదకి, ఆమ్లము సోకిన మెల్లగా విచ్ఛిన్నమగు ఫాస్ఫోక్రియాటిన్ కండరములలో కలదని 1927లో వెల్లడించిరి. 1929లో ప్రాణికోటి శక్తికి ఆధారమగు ఏ.టి.పి.ని గుర్తించిరి. జర్మనీలో లోమన్ పండితుడును అదే యేట దానిని వేరుగా కనుగొనెను.

1940లో లెడర్లీ సంస్థలో చేరిన పిదప, వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. గోదావరీతీరవాసులకు చిరపరిచితమైన బోదకాలు వ్యాధికి హెట్రజాన్ ఔషధము లభించెను. రక్తపు క్యాన్సరు సోకిన బాలలకు ఫార్బరు వైద్యుడు వాడిన అమినాప్టెరిన్ కూడ వారి బృందము సమకూర్చినదే.

ఇల్లాలిని, జన్మభూమిని మరల చూడకయే 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల ప్రాయమున వారు అస్తమించిరి. భారత ప్రభుత్వము 1995లో వారి తపాలాబిళ్ళను వెలువరించెను. నేడును మన కళాశాలల ప్రయోగశాలలలో విద్యార్థులు ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని అభ్యసించుచున్నారు. మన బిడ్డలలో ఎవరైన ఒకనాడు ఆ నీలివర్ణమును చూచినపుడు, అందు మన భీమవరము వాని కృషి కలదని స్మరింతురుగాక!