ఒక నాన్న, ఐదుగురు పిల్లలు, ఒక ఆట పెట్టె



ఆదివారం సాయంత్రం మీరు పిల్లల్ని వాడరేవు తీరానికి తీసుకెళ్లే ఉంటారు. లైట్‌హౌస్ కనబడగానే వాళ్లు ఏమడుగుతారో మీకు తెలుసు. లోపల ఎవరుంటారు, పైకి ఎలా ఎక్కుతారు, రాత్రి దీపం ఆరిపోతే పడవలు ఏమవుతాయి? మనం ఒక్క ముక్కలో ఏదో చెప్పి మొక్కజొన్న పొత్తు కొనిచ్చేస్తాం. ఈ నెల మీకు పరిచయం చేస్తున్న వ్యక్తి అలాంటి ప్రశ్నల్ని పిల్లలకే తిప్పి అడిగి, దాన్నే బతుకుతెరువు చేసుకున్నారు. ఆయన పేరు గ్యారీ గైగాక్స్.

1938లో అమెరికాలోని షికాగోలో పుట్టారు. తండ్రి స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చిన వయొలిన్ కళాకారుడు. రాత్రి పడుకునే ముందు కొడుక్కి మాంత్రికుల కథలు, మాయ ఉంగరాల కథలు చెప్పేవారు. గ్యారీకి ఎనిమిదేళ్లప్పుడు కుటుంబం లేక్ జెనీవా అనే చిన్న ఊరికి మారింది. ఇక్కడ మన న్యూస్‌లెటర్‌లో రాయడానికి కాస్త ఇబ్బందైన సంగతి ఒకటుంది. ఆయన హైస్కూలు పూర్తి చేయలేదు. దాచడం సబబు కాదు కాబట్టి రాస్తున్నాను. పుస్తకాలు చదవడం మాత్రం మానలేదు.

పెళ్లయ్యాక ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం చేశారు. 1970లో ఆ ఉద్యోగం పోయింది. అప్పటికి ఐదుగురు పిల్లలు. ఇంటి కింది గదిలో బూట్లు, చెప్పులు బాగుచేసి ఇల్లు గడిపారు. పని అయ్యాక రాత్రిళ్లు టైప్‌రైటర్ ముందు కూర్చుని ఆటల నియమాలు రాసేవారు. ఆ ఇంటి ఇల్లాలికి అది ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

1972లో డేవ్ ఆర్నెసన్ అనే స్నేహితుడు తాను కల్పించిన కొత్త తరహా ఆటను ఆయనకు చూపించారు. అందులో ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఇప్పుడు మేం ఇలా చేస్తాం అంటారు. ఫలితం అనుమానమైన చోట పాచికలు వేస్తారు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి రాకాసిలోయ సీరియల్ చదువుతూ, మధ్యలో ఆపి, ఇక్కణ్ణుంచి హీరో ఎటు వెళ్లాలో మీరే నిర్ణయించే అవకాశం వచ్చిందనుకోండి, అలాగన్నమాట. గైగాక్స్ దీనికి నియమాలు రాసి, ఒక కోట మ్యాపు గీసి, మొదట తన పిల్లలు ఎర్నీ, ఎలీస్‌లతో ఆడించారు. వాళ్లకు ఒక పెట్టె దొరికింది. అందులో 3,000 రాగి నాణేలు! మోయలేనంత బరువు. పిల్లలు ఉసూరుమన్నారు. వాళ్లు పడుకున్నాక ఆయన అదే రాత్రి కోటలో రెండో అంతస్తు గీయడం మొదలుపెట్టారు. ఆటకు రాసుకున్న పేర్లలోంచి ఒకటి ఎంచింది కూడా చిన్నారి కూతురు సిండీయే. అదే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’.

అచ్చువేయడానికి వేరేవాళ్లు ముందుకు రాలేదు. చిన్ననాటి స్నేహితుడు డాన్ కే తన బీమా పాలసీ మీద 1,000 డాలర్లు అప్పు తెచ్చారు. 1974లో 1,000 పెట్టెలు తయారయ్యాయి. ఏడాది తిరిగేసరికి అమ్ముడుపోయాయి. అంతలోనే 1975 జనవరిలో డాన్ గుండెపోటుతో చనిపోయారు.

టీచర్‌గా నాకు బాగా నచ్చిన విషయం పాచికలది. ఆటకు కావలసిన నాలుగు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాల పాచికలు గైగాక్స్‌కు దొరికింది బడి సామాను అమ్మే క్యాటలాగ్‌లో. లెక్కల క్లాసు కోసం తయారైనవి అవి.

కానీ ఆ మొదటి పెట్టెలోని పుస్తకాలు కొత్తవాళ్లకు బొత్తిగా అర్థమయ్యేవి కావు. ఎరిక్ హోమ్స్ అనే న్యూరాలజీ డాక్టరు, నేను సరిచేస్తానని తనంతట ముందుకొచ్చి సులభంగా తిరగరాశారు. అలా 1977లో బిగినర్ల పెట్టె వచ్చింది. తర్వాత ఆ పెట్టె కోసం గైగాక్స్ స్వయంగా ఒక సాహస కథ రాశారు. పేరు ‘ది కీప్ ఆన్ ది బార్డర్‌ల్యాండ్స్’.

అడవి అంచున ఒక కోట, కాస్త దూరంలో లోయ, లోయ నిండా గుహలు. ఒక్కో గుహలో ఒక్కో జాతి. గోబ్లిన్లు అనే మరుగుజ్జులు ఓడిపోయేలా ఉంటే పక్క గుహలోని రాక్షసుడికి బంగారు నాణేల సంచి విసిరి సాయానికి పిలుస్తారు! కత్తి దూయకుండా మాటలతో గట్టెక్కే దారి కూడా ఉంది. పిల్లల్లో ఒకరు గ్రాఫ్ పేపర్ మీద మ్యాపు గీస్తూ పోవాలి. కథ చెప్పే పెద్దవాళ్లు ఎవరి పక్షమూ వహించకుండా ఎలా ఉండాలో కూడా అందులో ఓపిగ్గా రాశారు. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది వేరే. కోటలో అధికారి, పూజారి, కమ్మరి, సత్రం యజమాని అందరూ ఉంటారు గానీ ఒక్కరికీ పేరు లేదు. పేర్లు పెట్టే పని ఆడేవాళ్లకే వదిలేశారు. మా వర్క్‌షీట్లలో మేం వదిలే ఖాళీలకు ఒక్కటే సరైన జవాబు ఉంటుంది. ఈ ఖాళీలకు అలా లేదు.

గిరాకీ పెరిగి పాచికలు చాలనప్పుడు కంపెనీ పెట్టెల్లో అంకెలు వేసిన కాగితం చీటీలు పెట్టింది. గ్లాసులో వేసి, కలిపి, ఒకటి తీయడమే. మీరు ఇంట్లో ప్రయత్నించాలనుకుంటే అంతకు మించి ఖర్చేమీ లేదు. మిర్చి కోతల రోజుల్లో ఇంటికి చేరేసరికి పొద్దుపోతుందని తెలుసు. అరగంట చాలు.

తర్వాత జీవితం సాఫీగా సాగలేదు. పేరు, డబ్బు విషయంలో ఆర్నెసన్ కోర్టుకెక్కారు. మొదటి పెళ్లి విడాకులతో ముగిసింది. ఈ ఆట పిల్లల మనసు పాడుచేస్తోందని 1980లలో కొందరు తల్లిదండ్రులు భయపడితే టీవీలో కూర్చుని సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. 1985లో తాను పెట్టిన కంపెనీ మీదే పట్టు పోయింది. ఆ భయానికి ఆధారం లేదని తర్వాత తేలింది. కంపెనీ మాత్రం తిరిగి ఆయన చేతికి రాలేదు.

అయినా లేక్ జెనీవాలోని ఇంటి వరండాలో వచ్చినవాళ్లతో ఆడుతూనే ఉన్నారు. 2008 మార్చి 4న, 69 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అంత్యక్రియలు అయ్యాక స్నేహితులు, పిల్లలు ఊళ్లోని ఒక హాలులో చేరి, బల్లలు వేసుకుని పాచికలు తీశారు. మరుసటి ఏడాది నుంచి ఆ ఊళ్లో ఆయన పేరుతో ఏటా ఆటల సమావేశం మొదలైంది.