భాషాసేవకుడు బ్రౌన్

ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరిన యువ అధికారులు తాము పనిచేయబోయే ప్రాంతపు భాషను నేర్చుకోవలసి ఉండేది. పరీక్షలో ఉత్తీర్ణులై, అర్జీని అర్థం చేసుకొని, సాక్షిని ప్రశ్నించగలిగితే కొలువుకు అది చాలు. పెక్కుమంది అధికారులు అంతటితో తృప్తి చెందారు. ఆ హద్దు దాటి తెలుగు సాహిత్య రక్షణకే జీవితాన్ని అంకితం చేసిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త. 1812లో తండ్రి మరణించగా కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. హైలీబరీ కళాశాలలో చదివిన బ్రౌన్ 1817లో మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అభ్యసించాడు. 1820లో కడపలో కలెక్టరు హాన్‌బరీకి సహాయకుడయ్యాడు. హాన్‌బరీ తెలుగులో అనర్గళంగా మాట్లాడేవాడు. అది చూసి బ్రౌన్‌కు భాషపై మక్కువ హెచ్చింది.

మచిలీపట్నంలో పనిచేస్తుండగా ఆయన దృష్టి వేమన పద్యాలపై పడింది. నాడు అచ్చుపుస్తకాలు అరుదు. కావ్యాలు తాటాకుల మీద చెదలపాలవుతున్నాయి. ఒక్కొక్క ప్రతిలో ఒక్కొక్క పాఠం కనిపించేది. దొరికిన ఏదో ఒక ప్రతిని అచ్చొత్తించి ఊరుకోవడానికి బ్రౌన్ మనసు అంగీకరించలేదు. ఒకే గ్రంథానికి పలుచోట్ల నుండి ప్రతులు తెప్పించి, పండితులచేత వాటిని కాగితాలపై రాయించేవాడు. పాఠభేదాలను పోల్చి చూసి, సరియైన పాఠాన్ని నిర్ణయించేవాడు. ఆపైన వ్యాఖ్యానం రాయించేవాడు. ఈ విధంగా 1829లో 693 వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రకటించాడు. అంతటితో పని ముగిసిందని భావించలేదు. పదేళ్లపాటు మరిన్ని ప్రతులు సేకరించి, 1839లో 1164 పద్యాలతో మరొక కూర్పు వెలువరించాడు.

ఈ కృషి అంతా కొలువు బాధ్యతలకు అదనం. కడపలో ఒక బంగళా కొని పండితులను నియమించి, స్వంత జీతం నుండి వేతనాలిచ్చాడు. జీతం చాలనప్పుడు అప్పులు చేశాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి వంటి విద్వాంసులు ఆయనకు అండగా నిలిచారు. వారి పాండిత్యం, ఆయన పట్టుదల కలిసి ఎన్నో కావ్యాలను కాపాడాయి. 1830ల మధ్యలో ఇంగ్లండులో ఉన్నప్పుడు కూడా ఆయన ఊరక కూర్చోలేదు. ఈస్టిండియా కంపెనీ గ్రంథాలయంలో పడి ఉన్న దక్షిణ భారత రాతప్రతుల పట్టికను సిద్ధం చేసి, వాటిని మద్రాసుకు తరలింపజేశాడు.

1840లో ఆంగ్లంలో తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ప్రకటించాడు. కావ్యభాషకే గౌరవం దక్కుతున్న కాలమది. అయినా బ్రౌన్ రైతులు, వర్తకులు, గృహిణులు పలికే మాటలను సైతం నిఘంటువులో చేర్చాడు. కచేరీలలో వాడుకైన అన్యదేశ్యాల కోసం 1854లో మిశ్రభాషా నిఘంటువును వేరుగా వెలువరించాడు. పండితులు పక్కన పెట్టిన పలుకుబడి ఆ విధంగా నిలిచింది. నేటికీ పరిశోధకులు ఆ నిఘంటువును ఆశ్రయిస్తూనే ఉన్నారు.

1855లో బ్రౌన్ పదవీ విరమణ చేసి లండన్ వెళ్లాడు. అక్కడ కూడా తెలుగు ఆచార్యుడిగా పనిచేశాడు. అవివాహితుడుగానే జీవించి 1884 డిసెంబరు 12న కన్నుమూశాడు. కడపలో ఆయన నివసించిన చోట నేడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం వెలసింది.

తెలుగు బ్రౌన్ మాతృభాష కాదు. అప్పుచేసి ప్రతులు రాయించమని కంపెనీ ఆజ్ఞాపించనూ లేదు. చేపట్టిన పనికి తగిన నాణ్యతను తానే నిర్ణయించుకొని, దానికోసం ధనాన్ని, కాలాన్ని, విశ్రాంతిని వెచ్చించాడు. కొలువు కోరినంత మాత్రమే చేసి ఉంటే, ఆయన పేరు కంపెనీ దస్త్రాలలోనే మిగిలిపోయేది. అంతకు మించి చేశాడు కనుకనే తెలుగువారి హృదయాలలో నిలిచాడు.