ఆటస్థలమునందొక గురువు: సయ్యద్ అబ్దుల్ రహీంగారు

పాఠము చెప్పుట తరగతి గదికే పరిమితమని మనలో పెక్కురి తలంపు. ఆటస్థలమునందును పాఠము చెప్పవచ్చుననియు, అది పిల్లవాని బ్రతుకును తీర్చిదిద్దగలదనియు చూపినవారు హైదరాబాదునకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీంగారు. భారతదేశపు ఫుట్‌బాలు జట్టును ఆసియా ఖండమున అగ్రస్థానమునకు చేర్చిన ఈ మహనీయులు వృత్తిచే మావంటి బడిపంతులే.

రహీంగారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువు ముగించి, నగరములోని పాఠశాలలయందు ఉపాధ్యాయులుగ పనిచేసిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియైరి. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైరి. ఆ జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగ ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలుచుకొనెను.

బాలురకు ఆట నేర్పుటలో ఆయన పద్ధతి మిక్కిలి గమనింపదగినది. కుడికాలి వాటముగల పిల్లవానితో ఎడమకాలిని కూడ వాడుమని పదిసార్లు చెప్పినను, ఆట వేడిలో వాడు ఆ మాట మఱచి కుడికాలినే చాపును. అందుచే రహీంగారు బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమముతో పోటీలు నడపిరి. బంతిని తన కాళ్లకడనే ఉంచుకొని ఒంటరిగ పరుగెత్తు అలవాటును మాన్పుటకు, అట్లు పరుగెత్తరాదను నిబంధనతో వేఱు పోటీలు నడపిరి. అట్టి ఆటలో పిల్లవాడు బంతి తనకడకు రాకమునుపే తలయెత్తి, తోడివాడెచ్చట నున్నాడో చూచుకొనక తప్పదు. శిక్షకుడు చెప్పదలచిన మాట ఆ నియమమునందే ఇమిడియుండెను.

మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందునపుడు, చెప్పినది విని మఱచిపోవుదురనియు, చేసినది నిలుచుననియు నేర్చుకొంటిమి. రహీంగారు దీనిని మైదానమున ఆచరించి చూపిరి. ఇటీవలి దశాబ్దముల పరిశోధనలును ఇంచుమించుగ ఇదియే తెలుపుచున్నవి. మోకాలిని ఎట్లు వంచవలెనో, పాదము నెట్లు త్రిప్పవలెనో అని అవయవములమీద మనస్సు పెట్టించుటకంటె, బంతి ఎచ్చటికి పోవలెనో దానిమీద మనస్సు నిలుపుమనుట తఱచుగ ఎక్కువ ఫలము నిచ్చుచున్నది. ఒక్కసారి పది మాటలు చెప్పుటకంటె ఒక్క మాట చెప్పి పదిసార్లు చేయించుట మేలు.

ఈ గురువునకు జయములతోపాటు అపజయములును కలవు. 1951లో క్రొత్త ఢిల్లీయందు జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఆయన జట్టు ఇరానును ఓడించి బంగారు పతకము పొందెను. మఱుసటి యేడే హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడెను. నాడు మనవారిలో పలువురు బూట్లు లేకయే ఆడిరి. అటుపిమ్మట మన ఆటగాండ్రకు బూట్లు తప్పనిసరి యాయెను. ఓటమినుండి నేర్చుకొనిన ఆ జట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున ఆస్ట్రేలియాను 4-2 తేడాతో గెలిచి, నాలుగవ స్థానము పొందెను. ఒలింపిక్సు ఫుట్‌బాలున సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు అదియే.

రహీంగారి జట్టులో బెంగాలీలు, పంజాబీలు, మలయాళీలు, గోవావారు, సికింద్రాబాదు యువకుడగు తులసీదాస్ బలరాం మొదలైనవారు కలసి ఆడిరి. ఇంట నొక భాష, బడిలో నొక భాష, వీధిలో నొక భాష వినుట హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల పిల్లలకును క్రొత్తగాదు. మైదానమున వేసిన కేక తనకు తెలిసిన భాషలో లేనందున తడబడిన పిల్లవానిని చేతగానివాడని త్రోసివేయుట న్యాయముగాదు. చేసి చూపినచో వాడును చేయును.

1962 ఆసియా క్రీడలు జకార్తాలో జరుగునాటికి రహీంగారిని క్యాన్సరు వ్యాధి పట్టియుండెను. మొదటి ఆటలోనే మనవారు దక్షిణ కొరియా చేతిలో ఓడిరి. థాయిలాండుతో ఆడినపుడు రక్షకుడగు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. రహీంగారు అతనిని విడువక, ముందు వరుసలో నిలిపిరి. సెప్టెంబరు 4వ తేదీన తుది ఆటలో అదే దక్షిణ కొరియాను మనవారు 2-1 తేడాతో జయించిరి. ఒక గోలు పి.కె. బెనర్జీ, రెండవది జర్నైల్ సింగు చేసిరి. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాలున మన పురుషుల జట్టుకు మఱల స్వర్ణము దక్కలేదు. రహీంగారు 1963 జూన్ 11వ తేదీన పరమపదించిరి.

విద్యార్థులారా! శిక్షకుడు మీకు చేతగాని కాలితోనే ఆడుమన్నచో చిన్నబుచ్చుకొనకుడు; మీ లోపము నాతడు గుర్తించి దిద్దుచున్నాడని తెలిసికొనుడు. తల్లిదండ్రులారా! సాయంకాలము దుమ్ముకొట్టుకొని యింటికి వచ్చిన బిడ్డను కసరుటకు ముందు, నేడు ఆటలో ఏమి నేర్చితివని అడుగుడు. ఆటస్థలమున గడచిన గంటయును చదువులోనిదే యని రహీంగారి జీవితము మనకు తెలుపుచున్నది.