మూలప్రతుల అన్వేషి బ్రౌన్ దొర

ఒక పద్యాన్ని గాని, ఒక విషయాన్ని గాని నమ్మి రాసే ముందు అది ఎక్కడి నుండి వచ్చిందో విచారించడం పరిశోధనకు మొదటి మెట్టు. తెలుగు వాఙ్మయంలో ఆ విచారణను జీవితవ్రతంగా సాగించిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

ఆయన 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించాడు. ఇంగ్లండులో చదువు ముగించుకొని, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1817లో మద్రాసు చేరి, అక్కడి కళాశాలలో తెలుగు అభ్యసించాడు. 1820లో మద్రాసు గవర్నరైన థామస్ మన్రో, పాలకులు ప్రజల భాష నేర్వాలని కోరినవాడు. ఇండూరు నెలకొన్న ధర్మపురి ప్రాంతంలో 1792 మొదలు ఏడేండ్లు రెవెన్యూ ఉద్యోగం చేసినవాడే ఆ మన్రో. ఆ ఏడాదే బ్రౌన్ కడప కలెక్టరుకు సహాయకుడుగా నియమితుడయ్యాడు.

1824లో ఫ్రెంచి మతాచార్యుడు డుబాయి రచించిన గ్రంథం చదువుతూ అందులో వేమన ప్రస్తావన చూశాడు. ఇతరులు రాసిన ఆ నాలుగు మాటలతో ఆయన తృప్తి చెందలేదు. వేమన పద్యాలనే వెదకబూనాడు. అవి తాటాకులపై చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒక ప్రతిలోని పద్యం మరొక ప్రతిలో లేదు. ఉన్నచోట పాఠం వేరు. అనేక ప్రతులు సేకరించి, పోల్చి చూసి, 1829లో 693 పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. పని అంతటితో ముగిసిందని భావించలేదు. 1839 నాటి రెండవ ముద్రణలో పద్యాల సంఖ్య 1164కు పెరిగింది.

ఇతర కావ్యాల విషయంలోనూ ఆయన పద్ధతి ఇదే. ఒకే గ్రంథానికి వీలైనన్ని ప్రతులు తెప్పించేవాడు. లేఖకులచేత శుద్ధప్రతి రాయించి, పాఠభేదాలను గుర్తింపజేసేవాడు. జూలూరి అప్పయ్య వంటి పండితులతో చర్చించిన పిమ్మటనే పాఠాన్ని నిర్ణయించేవాడు. కడపలోని తన బంగళాలో పండితులకు, లేఖకులకు సొంత సొమ్ముతో జీతాలిచ్చి పోషించాడు. ఆ వ్యయంతో అప్పుల పాలయ్యాడు. 1834లో ఉద్యోగం కూడా పోయింది.

లండను చేరినా ఆయన అన్వేషణ ఆగలేదు. అక్కడి ఇండియా హౌస్ గ్రంథాలయంలో పట్టించుకొనేవారు లేక పడివున్న దక్షిణ భారత భాషల రాతప్రతులను పరిశీలించి, అవి మద్రాసుకు చేరేటట్లు కృషి చేశాడు. మరల ఉద్యోగంపై మద్రాసు వచ్చి, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించాడు. అందులో కావ్యభాషతోపాటు జనుల వాడుక మాటలకూ చోటిచ్చాడు. ఉదాహరణలిచ్చినప్పుడు అవి ఏ గ్రంథంలోనివో సంకేతాక్షరాలతో సూచించాడు. చదువరి తన మాటను గుడ్డిగా నమ్మక, మూలాన్ని స్వయంగా చూసి సరిపోల్చుకొనే వీలు కల్పించాడన్నమాట.

ఈ నియమం బ్రౌన్ రచనలకూ వర్తిస్తుంది. ఏరి కూర్చడమంటే కొన్నింటిని విడిచిపెట్టడం కూడా. కనుక వేమనను పరిశోధించే విద్యార్థి బ్రౌన్ ముద్రణ ఒక్కదానితో ఆగరాదు. ఇతర ప్రతులనూ చూడాలి. గురువు చూపిన మార్గంలో నడుస్తూ గురువును సైతం పరీక్షించడం ఆయనకు అగౌరవం కాదు.

1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్య పదవిని చేపట్టిన బ్రౌన్ 1884 డిసెంబరు 12న కన్నుమూశాడు. కడపలో ఆయన నివసించిన స్థలంలో నేడు ఆయన పేర భాషా పరిశోధన కేంద్రం ఉంది.

ఆయన సేకరించిన రాతప్రతులు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. ఇండూరు నుండి అది ఒక్కనాటి ప్రయాణం. అయితే దూరం తక్కువైనంత మాత్రాన తాటాకు పలకదు. దానిని చదవగల కన్నులు కావాలి. తమిళనాట తెలుగు చదువుకొనే ప్రతి బాలుడూ, ప్రతి బాలికా ఆ నిధికి వారసులే. ఆ అక్షరాలు వారికి రాకుండాపోయిన నాడు బ్రౌన్ కాపాడిన ప్రతులు భద్రంగానే ఉంటాయి, కాని మూగబోతాయి.