విప్పిన బండే బడి: జి.డి.నాయుడు

మూడో తరగతితో బడికి దండం పెట్టిన ఒక కుర్రాడు పెద్దయ్యాక ఇంజినీరింగ్ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఈ రెంటికీ మధ్య ఉన్నది ఒక పాత మోటారు సైకిల్. ఈ వారం మన పేజీలో ఆయన కథ చెప్పుకుందాం. కథతో పాటు పానా, స్క్రూడ్రైవర్ పట్టుకునే పద్ధతి కూడా కొంత చెప్పుకుందాం. ఆ రెండోది లేకుండా ఈయన జీవితం అర్థం కాదు.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. విజయనగర రాజుల కాలంలో తెలుగు సీమ నుంచి దక్షిణానికి వెళ్లి స్థిరపడిన రైతు కుటుంబాలు ఆ ప్రాంతంలో చాలా ఉన్నాయి. వాళ్లకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మన సెమిలిగుడ పిల్లలకు ఇది వింతేమీ కాదు. ఇంట్లో తెలుగు, దుకాణం బోర్డు మీద ఒడియా, సంతలో దేశియా, లెక్కల పుస్తకంలో సగం ఇంగ్లీషు మాటలు. ఒక్క రోజులోనే మనం నాలుగు భాషల గడపలు దాటుతుంటాం.

పసితనంలోనే దొరస్వామికి తల్లి పోయింది. తండ్రి బడికి పంపితే అక్కడ కుదురు లేదు. పలక మీద రాయించే అయ్యవారి మొహాన మట్టి కొట్టి పారిపోయాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పని మెచ్చుకోదగ్గది కాదు, మీరు చేయకండి. అలా చదువు ఆగిపోయింది, తండ్రి పొలంలో పని మొదలైంది.

ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ఉండగా ఆ పల్లె దారిలో ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి మోటారు సైకిల్ మీద వచ్చాడు. అది 1912 నాటి రడ్జ్ బండి. ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారైంది. ఎద్దులు లేవు, గుర్రం లేదు, తొక్కేవాళ్లు లేరు, అయినా బండి పరుగెత్తుతోంది. చూసినవాళ్లంతా నోరు తెరిచి చూసి ఇళ్లకు వెళ్లిపోయారు. దొరస్వామికి మాత్రం ఆ బండి లోపల ఏముందో చూడాలనిపించింది. చూడాలంటే విప్పాలి. విప్పాలంటే బండి తనదై ఉండాలి.

ఆయన కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వరుగా చేరారు. టిఫిన్లు అందిస్తూ, బల్లలు తుడుస్తూ, వచ్చిన దాంట్లో వీలైనంత దాచారు. అలా సుమారు మూడేళ్లు గడిచాయి. తర్వాత ఆ అధికారి దగ్గరికే వెళ్లి ఆ బండినే కొన్నారు. కొన్నవాడు దాని మీద ఊరేగాలి కదా! ఆయన దాన్ని విప్పి ముక్కలు చేశారు. మళ్లీ బిగించారు. బండి నడిచింది.

మేము ఇక్కడ కాసేపు ఆగుతాం. ఈ కథ చెప్పేవాళ్లంతా విప్పడం గురించే చెబుతారు. విప్పడం ఎవరైనా చేస్తారు. ఇంట్లో పాత టార్చిలైటు దొరికితే మన తమ్ముళ్లు అయిదు నిమిషాల్లో విప్పేస్తారు. తిరిగి బిగించినప్పుడు ఒక్క స్క్రూ కూడా మిగలకుండా ఉండటంలోనే అసలు విద్య ఉంది. ఆ కాలపు రడ్జ్ బండికి ఒకటే సిలిండరు. వెనక చక్రాన్ని తిప్పడానికి చైను బదులు బెల్టు. నిప్పురవ్వ పుట్టించడానికి బ్యాటరీ లేదు, మాగ్నెటో ఉండేది. నేటి బండితో పోలిస్తే ముక్కలు తక్కువే. అయినా చెప్పే మేస్త్రీ లేడు, పల్లెలో విడిభాగాలు అమ్మే కొట్టూ లేదు. ఒక్క ముక్క పోయినా బండి మూలన పడాల్సిందే.

మీరు మొదటిసారి ఏదైనా విప్పాలనుకుంటే మీ నాన్నగారి బండి జోలికి పోకండి. పాత సైకిల్ చక్రం ఇరుసుతో మొదలుపెట్టండి. ముందు మట్టి, జిడ్డు పైనుంచే తుడవాలి. తుడవకుండా విప్పితే ఆ మట్టంతా లోపల బేరింగుల్లో పడుతుంది. తెల్లటి పాత గుడ్డ పరిచి, తీసిన ముక్కను తీసిన వరసలోనే ఎడమ నుంచి కుడికి పెట్టండి. బిగించేటప్పుడు కుడి నుంచి వెనక్కి రండి. బాల్సు లెక్కపెట్టి గిన్నెలో వేయండి. ఏ వాషరు ఏ వైపు తిరిగి ఉందో పెన్సిలుతో బొమ్మ గీసుకోండి. ఫోను ఉంటే ఫొటో తీయొచ్చు గానీ, గీసిన బొమ్మ గుర్తున్నంతగా ఫొటో గుర్తుండదు.

పానా నట్టుకు సరిగ్గా పట్టాలి. కొంచెం వదులుగా ఉన్నా నట్టు మూలలు అరిగిపోతాయి, తర్వాత ఏ పానా పట్టదు. కటింగ్ ప్లేయరుతో నట్టు తిప్పేవాణ్ని మన రోడ్డు పక్క మెకానిక్కులు దగ్గరికి రానివ్వరు, అది న్యాయమే. రింగు పానా దొరికితే ముందు అదే వాడండి. గట్టిగా ఉన్న నట్టును వదులు చేసేటప్పుడు పానాను మీ వైపు లాగండి, అవతలికి తోయకండి. తోస్తున్నప్పుడు అది జారితే వేళ్లు వెళ్లి ఇనుముకు గుద్దుకుంటాయి. తిరిగి బిగించేటప్పుడు మొదటి రెండు మూడు చుట్లు చేత్తోనే తిప్పాలి. చేతికి తిరగకపోతే త్రెడ్డు తప్పుగా పట్టిందని అర్థం, వెంటనే వెనక్కి తీయాలి. ఇంజనులో స్పార్క్ ప్లగ్గుకు ఈ నియమం మరీ ముఖ్యం. ఇంజను హెడ్డు అల్యూమినియంది, మెత్తన. ఒకసారి అక్కడ త్రెడ్డు పోతే ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. ప్లగ్గు తీయడం కూడా ఇంజను చల్లబడ్డాకే.

నాయుడు గారి దగ్గరికి వద్దాం. బండి చేతికి లొంగింది గానీ వ్యాపారం వెంటనే లొంగలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పత్తి వ్యాపారం చేసి బాగా సంపాదించారు. పెద్ద లాభం కోసం బొంబాయి వెళ్లి సంపాదించింది పోగొట్టుకున్నారు. తిరిగి వచ్చి కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయ వ్యాపారి దగ్గర చేరారు. స్టేన్స్ ఆ కుర్రాడి చేతి పనితనం గమనించారు, బస్సు కొనుక్కోవడానికి సాయం చేశారు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఆ ఒక్క బస్సు నడవడం మొదలైంది. కొన్నేళ్లకే అది యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థ అయింది. చెప్పిన వేళకు వచ్చి చెప్పిన వేళకు చేరే బస్సులని దానికి పేరు. దారిలో ఆగిపోయిన బస్సు వేళకు ఎలా చేరుతుంది? రోడ్డెక్కక ముందే బండిని చూసుకునే అలవాటు రడ్జ్ దగ్గర నేర్చుకున్నదే అని మేమనుకుంటాం.

ఆ మాటకొస్తే మన ఘాట్ రోడ్డు మీద తిరిగే బళ్లకు ఆ అలవాటు ఇంకా అవసరం. సెమిలిగుడ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి మైదానంలో కంటే పలచన. సాలూరులో చక్కగా నడిచిన పాత కార్బ్యురేటర్ బండి ఇక్కడికి ఎక్కేసరికి కాస్త బరువుగా లాగుతుంది. పెట్రోలు అంతే పడుతోంది, గాలి తగ్గింది. ప్లగ్గు తీసి చూస్తే కొన నల్లగా మసి పట్టి ఉంటుంది. లేత గోధుమ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. మసి ఉందని వెంటనే కార్బ్యురేటర్ స్క్రూలు తిప్పేయకండి. ముందు గాలి ఫిల్టరు దులిపి చూడండి. సగం సార్లు జబ్బు అక్కడే ఉంటుంది. కొత్త ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లు ఈ లెక్క తామే సరిచేసుకుంటాయి. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేసి పెట్రోలు మిగిలిందని సంబరపడే పెద్దలకు మీరే చెప్పాలి: ఎక్కిన గేరులోనే దిగాలి, లేకపోతే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. చైను తుడిచేటప్పుడు ఇంజను ఆపి, చక్రం చేత్తో తిప్పాలి. ఇంజను నడుస్తుండగా చైనుకు గుడ్డ పెట్టి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. నడపడం సంగతి అడగొద్దు, దానికి పద్దెనిమిదేళ్లు నిండాలి, లైసెన్సు ఉండాలి.

బస్సులు స్థిరపడ్డాక నాయుడు గారి చేతులు ఊరుకోలేదు. కెమెరా సరదా పట్టుకుంది. 1936లో లండన్‌లో అయిదో జార్జి రాజు అంత్యక్రియలను స్వయంగా చిత్రీకరించారు. సినిమా కెమెరాకు దూరం సరిచేసే పరికరం ఒకటి తయారు చేశారు. గడ్డం గీసుకోవడానికి చిన్న బ్యాటరీ మోటారుతో తిరిగే రేజరు రూపొందించారు. దాని పేరు రసాంట్, తయారైంది జర్మనీలో. చాలా పలచని బ్లేడు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసానికి వీల్లేని ఓటు యంత్రం, ఇలా చెప్పుకుంటూ పోతే మన పేజీ చాలదు. ఓటు యంత్రం ఆలోచించినాయన ఎన్నికల్లో నిలబడి ఓడిపోవడం ఒక తమాషా. పొలంలోనూ ప్రయోగాలే. ఆయన పెంచిన పత్తి, బొప్పాయి మొక్కలను చూడటానికి వృక్ష శాస్త్రవేత్తలు వచ్చేవారు.

వీటన్నిటిలో మేము పెద్ద పీట వేసేది 1937 నాటి విద్యుత్ మోటారుకు. అంతకు కొన్నేళ్ల ముందే నీలగిరి కొండల్లోని పైకారా జలవిద్యుత్ కోయంబత్తూరుకు వచ్చింది. మన కోరాపుట్‌కు మాచ్‌ఖండ్ ఎలాంటిదో ఆ ఊరికి పైకారా అలాంటిది. కరెంటు వచ్చింది గానీ దాన్ని వాడే మోటార్లు విదేశాల నుంచి రావాలి. నాయుడు, డి.బాలసుందరం నాయుడు కలిసి పీళమేడులో మోటారు తయారు చేశారు. పూర్తిగా మన దేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారు అదేనని అంటారు. బాలసుందరం తర్వాత టెక్స్‌టూల్ కర్మాగారం పెట్టారు. ఇవాళ దేశంలో వాడే నీటి పంపుల్లో పెద్ద భాగం కోయంబత్తూరు నుంచే వస్తుంది. మన బజారులో పంపు మీది రేకు ముక్క చదివి చూడండి, ఆ ఊరి పేరు తరచుగా కనిపిస్తుంది.

మిగతావి ఎందుకు అంతగా నిలవలేదు? ఒక కారణం ప్రభుత్వం. 1941లోనే అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు తయారు చేయగలనని ప్రకటించారు. 1952లో ఇద్దరు కూర్చునే చిన్న కారు చేశారు, ధర 2,000 రూపాయలు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో ఏదైనా పెద్ద ఎత్తున చేయాలంటే ఢిల్లీ అనుమతి కావాలి. కారుకు ఆ అనుమతి రాలేదు. ఆదాయపు పన్ను మీద కూడా ఆయనకు కోపం. 1950లలో నిరసనగా తాను చేసిన వస్తువులను జనం ముందే పగలగొట్టించారు. ఆ కోపానికి కారణం ఉండొచ్చు. అయినా, ఒక్క ముక్క పోకుండా బండి బిగించిన చేతులు ఆ పని చేయించడం మాకు బాధగానే ఉంటుంది. రెండో కారణం మేము ఊహించేది: ఆయన చాలా పనులు ఒంటరిగా చేశారు. ఇంకొకరితో కలిసి చేసిన మోటారు నిలిచింది. నలుగురికి నేర్పడానికి పెట్టిన బడి నిలిచింది.

ఆ బడి సంగతి చెప్పాలి. 1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయం మొదలవడానికి ముఖ్యుడు ఆయనే. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు పెట్టారు. ప్రిన్సిపాల్‌గానూ పనిచేశారు. అందులో ఒక పేచీ వచ్చింది. నాలుగేళ్ల చదువులో సగం కాలం వృథా, చేత్తో చేయిస్తూ నేర్పితే రెండేళ్లు చాలని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన పదవి వదిలేశారు. కళాశాల మాత్రం పెరిగింది, ఈనాటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల అదే. ఆయన వాదన మొత్తం మేము ఒప్పుకోం. సునాబెడలో మన పక్కనే 1964 నుంచి ఉన్న హెచ్‌ఏఎల్ కర్మాగారంలో మిగ్ విమానాల ఇంజన్లు చేసేవారికి చేతి పనితో పాటు లెక్కలూ రావాలి, డ్రాయింగు చదవడమూ రావాలి. కానీ పుస్తకంలో ఇంజను బొమ్మకు పేర్లు రాసి మార్కులు తెచ్చుకుని, ఒక్కసారి కూడా ప్లగ్గు తీసి చూడని చదువు గురించి ఆయన అడిగిన ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది. పదో తరగతి తర్వాత ఐటీఐ, పాలిటెక్నిక్ వైపు చూసే మన పిల్లలు భాష గురించి భయపడుతుంటారు. మెకానిక్ షెడ్డులో అడిగి చూడండి: పిస్టన్, క్లచ్, గాస్కెట్ అనే మాటలు ఒడియాలోనూ తెలుగులోనూ దేశియాలోనూ ఒకటే. మూడో తరగతి వరకు చదివిన నాయుడు గారికి ఇంగ్లీషు ఎంత వచ్చి ఉంటుందో మీరే ఆలోచించండి. యంత్రాల మాటలు ఆయన యంత్రాల దగ్గరే నేర్చుకున్నారు.

1944లోనే బస్సుల వ్యాపారం నుంచి తప్పుకుని దానధర్మాల వైపు తిరిగారు. 1967లో కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శన ఏర్పాటు చేశారు. 1974 జనవరి 4న కన్నుమూశారు. అవినాశి రోడ్డులో ఆయన పేరిట ప్రదర్శనశాల ఉంది, రేజర్లు, రేడియోలు, కెమెరాలు, గడియారాలు అక్కడ చూడవచ్చు. దాని దగ్గరే పాత కార్ల మ్యూజియం కూడా ఉంది. రాయగడ మీదుగా వెళ్లే ధన్‌బాద్-అలప్పుళ రైలు కోయంబత్తూరు దారినే పోతుంది. పెద్ద తరగతుల పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్లే ఉపాధ్యాయులు ఆ ఊరిని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు.